ఏడాది ముక్కుపుడక

ముక్కుపుడక బిగించాక కాసేపు కదలకుండా కూర్చోమన్నారు. హైమవతి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా నిటారుగా కూర్చుంది. చూడ్డానికి అది మామూలు తెల్లరాయి ముక్కుపుడకే. రాయి వెనక వెంట్రుక కంటే సన్నటి తీగ ఉంది. అది ముక్కు లోపలి గోడ వెంట పైకి పాకి, వాసనల కబురు మెదడుకి మోసే నరం దగ్గర ఆగుతుంది. ఆమెకి వచ్చిన జ్వరం ఆ నరం కొసల్ని మాడ్చేసింది. కొసలు చేయాల్సిన పని ఇక రాయి చేస్తుంది.

డాక్టర్ వైదేహి ఒక చిన్న సీసా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. హైమవతి తల అడ్డంగా ఊపింది. రెండోదీ అంతే. మూడో సీసాకి, పరీక్ష తప్పిన పిల్లలా, గోడవారగా నిలబడ్డ భర్త వంక చూసింది. రాయికి మీరు కొత్త, మీకు రాయి కొత్త, కంగారు పడకండి అంటూ వైదేహి నాలుగోది తెరిచింది.

"చింతపండు," అంది హైమవతి నెమ్మదిగా. "కొత్తది కాదు. ఉప్పేసి దాచిన పాత చింతపండు."

ముకుందరావు రెండడుగులు ముందుకు వచ్చాడు. ఆమె మొహం చిట్లించి, "మీ దగ్గర వార్నీషు కంపు," అంది.

అతనికి సామర్లకోటలో మోటారు వైండింగు షాపు ఉంది. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగితీగ పీకి, కొత్తది చుట్టి, వార్నీషు పోసి ఆరబెడతాడు. ఆ వాసన అతని గోళ్ళలోంచి ఎప్పటికీ పోదు. పెళ్ళయిన కొత్తలో ఆమె రోజూ ఈ మాటే అనేది. ఇప్పుడు మళ్ళీ వింటుంటే అతను తన గోళ్ళ వంక చూసుకున్నాడు.

విశాఖపట్నంలో ఉన్న ఆ ప్రయోగశాల ఆఘ్రాణ అనే కంపెనీది. వచ్చేటప్పుడు ఇంటి నుంచి ఒక వస్తువు తెమ్మన్నారు. అన్నిటికంటే ముందు ఏ వాసన తిరిగి కావాలనుకుంటారో అది. బయట వరండాలో కూర్చున్న వాళ్ళలో ఒకాయన కాఫీ పొడి తెచ్చుకున్నాడు, ఒకావిడ మరువం తెచ్చుకుంది. ముకుందరావు సంచిలోంచి కవరు, కవరులోంచి ఒక పసుపుపచ్చ గౌను తీశాడు.

హైమవతి దాన్ని రెండు చేతులతో మొహానికి అద్దుకుంది. ఎంతసేపటికీ తియ్యలేదు. వైదేహి తెర మీద కదిలే గీతల్ని చూస్తూ ఏదో అడగబోయి మానేసి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఆ గౌను యామినిది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురిది.

అంతకుముందు వానాకాలం సామర్లకోటలో చాలా ఇళ్ళు చుట్టబెట్టిన జ్వరం తల్లినీ కూతుర్నీ ఒకేసారి పట్టుకుంది. ఇద్దర్నీ ఒకే ఆసుపత్రిలో చేర్చారు, వేరు వేరు గదుల్లో. హైమవతికి తెలివి లేని రోజుల్లోనే యామిని పోయింది. ఆమె కళ్ళు తెరిచేసరికి అన్నీ అయిపోయాయి. పిల్లని తీసుకెళ్ళడం, ఇల్లు కడగడం, బట్టలన్నీ చాకలికి ఇచ్చేయడం. చనిపోయిన వాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని ఎవరో గుర్తు చేస్తే, ఎవరో మూట కట్టేశారు. చూడ్డానికి పిల్ల మొహం లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చిన నాడు యామిని పడుకునే చాప మీద పడుకుని దిండుకి మొహం ఆనించింది. ఏ వాసనా రాలేదు. అప్పుడే తెలిసింది, జ్వరం తన ముక్కుని కూడా తీసుకుపోయిందని.

అత్తగారు అచ్చియ్యమ్మ మాత్రం అందరి కళ్ళూ కప్పి ఒక గౌను దాచింది. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు పిల్ల విప్పి పడేసింది, ఉతకనిది. తన బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టింది. ఆవిడకి ఏది విలువైనదనిపించినా దాని మడతల్లో కలరా ఉండలు పెట్టడం అలవాటు. గౌను చేతుల్లో రెండు, జేబులో రెండు పెట్టి మరీ మడిచింది. పురుగు కొట్టకూడదు కదా. తల్లికి వాసన కావాలన్న సంగతి ఆవిడకి ఎలా తోస్తుంది?

అయినా ఆ రోజు ప్రయోగశాలలో, కలరా ఉండల ఘాటు కింద, యామిని ఉంది. పల్చగా, కానీ ఉంది. ముకుందరావుకి కూడా తగిలింది.

కాగితాల మీద సంతకం పెట్టించుకున్న కుర్రాడు చెప్పాల్సింది చెప్పాడు. రాయి పని చేయాలంటే డబ్బు కడుతూనే ఉండాలి. మొదటి ఏడాది ప్రారంభ ధర, ఆ తర్వాత మామూలు ధర. ప్రారంభ ధర టీవీ చానళ్ళకి నెల నెలా కట్టేదానికంటే కాస్త ఎక్కువ, అంతే. మామూలు ధర ఎంతని ముకుందరావు అడగలేదు. ఏడాది అన్న మాట అతనికి చల్లగా వినిపించింది. పిల్ల పోయిన దగ్గర్నుంచి పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట అన్నారు. ఏడాది తిరగనివ్వండి, మనిషి తేరుకుంటుంది. అచ్చియ్యమ్మ కూడా అదే అంది. ఏడాది పాటు ఆసరా దొరికితే చాలు, ఆ పైన హైమే వద్దనేస్తుంది అని అతను లెక్క వేసుకున్నాడు. సరిగ్గా అతనిలాంటి వాళ్ళు అలా లెక్క వేసుకుంటారని కంపెనీకి తెలుసేమో, ఆ సంగతి అతనికి అప్పుడు తోచలేదు.

*

వాసనలతో పాటు ఆ ఇంటికి కొంచెం ప్రాణం వచ్చింది. హైమవతి పోపు మాడకముందే పొయ్యి కట్టేయడం మొదలుపెట్టింది. వానకి ముందు పెరట్లోకి వెళ్ళి నిలబడేది. పక్కింట్లో గ్యాసు లీకవుతుంటే గోడ మీంచి కేకేసి చెప్పింది. ఆ ఇంటావిడ ఆ తర్వాత వారం పాటు ఊరంతా హైమ ముక్కు గురించే చెప్పింది.

రోజూ సాయంత్రం దీపం పెట్టాక అత్తగారి బీరువా తెరిచేది. గౌను మొహానికి ఆనించుకుని మంచం మీద కూర్చునేది. ఏడవడం తక్కువ. ఎవరితోనో పక్కపక్కన కూర్చున్న మనిషిలా ఉండేది. ముకుందరావు షాపు నుంచి ముందే వచ్చిన రోజున గౌను అతని ముందు పట్టి, "వస్తోందా?" అని అడిగేది.

మొదట్లో వచ్చేది. నెల నెలకీ తగ్గింది. దసరా నాటికి పూర్తిగా పోయింది. ముకుందరావు ముక్కు పొరపడే ముక్కు కాదు. మోటారు మూత విప్పగానే, ఒక్క కాయిలే కాలిందా మొత్తం పోయిందా అన్నది అతను వాసన చూసే చెబుతాడు. ఆ గౌనులో కలరా ఉండలు తప్ప ఏమీ లేవు.

హైమవతి అతని మొహంలోకి చూస్తూ ఎదురు చూస్తోంది. ఆమె కళ్ళు తడిగా, తేటగా ఉన్నాయి. ఆమెకి వస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఆ, వస్తోంది," అన్నాడు.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పాడు. అచ్చియ్యమ్మని అడిగితే ఆవిడా అదే చెప్పింది. తల్లీ కొడుకూ ఆ విషయం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడుకునే అవసరం రాలేదు.

*

ఏడాది నిండడానికి నెల ముందు ఫోనుకి సందేశం వచ్చింది. హైమవతి గారూ, మీ వాసనల ప్రయాణానికి మొదటి పుట్టినరోజు శుభాకాంక్షలు అని మొదలైంది. కింద కొత్త ధర ఉంది. ముకుందరావు అది ఏడాదికి అనుకుని, ఫరవాలేదు, ఎలాగోలా కట్టొచ్చు అనుకున్నాడు. రెండోసారి చదివితే నెలకి అని ఉంది. షాపులో నెలంతా అతను వంచిన నడుం ఎత్తకుండా చేస్తే మిగిలేదంతా దానికే సరిపోతుంది.

ఫోను చేశాడు. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది, పాట వేసింది. చివరికి ఒక అమ్మాయి పలికి, అతను చెప్పేది శ్రద్ధగా విని, మీ ఇబ్బంది మాకు పూర్తిగా అర్థమైంది సార్ అంది. అర్థమయ్యాక కూడా ధర అదే. ప్రారంభ ధర కొత్తవాళ్ళకేనట. పాతవాళ్ళకి ఏమైనా తగ్గిస్తారా అంటే, పాతవాళ్ళు మాకు చాలా విలువైనవాళ్ళు సార్ అంది.

అచ్చియ్యమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని వింటోంది. "నీళ్ళ మిషనోడూ ఇంతే చేశాడు కదరా," అంది. "మొదటి ఏడాది ఫిల్టరు ఉత్తినే అన్నాడు. రెండో ఏడాది ఆ ఫిల్టరు ఖరీదుకి కొత్త మిషనే వచ్చును. బిందె ఉంది కాబట్టి వాణ్ణి పొమ్మన్నాం. దీనికి బిందె ఏదీ?"

అంత పెద్ద మాట అన్నానని ఆవిడకి కూడా తెలిసినట్టు లేదు. కూర తరుక్కుంటూ ఉండిపోయింది.

ఏడాది తిరిగితే తేరుకుంటుందన్నారు. హైమవతి తేరుకోలేదు. తేరుకోవడం మాట అలా ఉంచి, సాయంత్రాలు బీరువా ముందు కూర్చునే సమయం పెరిగింది. ముకుందరావు పెద్దాపురంలో మరో వైండింగు షాపు నడిపే మనిషిని కలిసి, తన తీగ చుట్టే మిషను కొంటాడేమో కనుక్కున్నాడు. మిషను అమ్మేశాక అతని దగ్గరే జీతానికి చేరడానికి కూడా మాట్లాడుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు.

*

గడువు ముగిసే ముందు రాయిని ఒకసారి పరీక్ష చేయించుకోవాలన్నారు. ఇద్దరూ విశాఖ వెళ్ళారు. గౌను కూడా తెమ్మన్నారు, మొదటి రోజు వస్తువుతో పోల్చి చూస్తారట. అచ్చియ్యమ్మ జాగ్రత్తగా కలరా ఉండలు తీసి, గౌనుని రెండు కవర్లలో చుట్టి మూతి బిగించి ఇచ్చింది. అది ముకుందరావు చేతిసంచిలో ఉంది.

డాక్టర్ వైదేహి ఈ ఏడాదిలో చిక్కిపోయింది. హైమవతిని కళ్ళు మూసుకోమని, మునుపటిలాగే సీసాలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. అల్లం అంది హైమవతి. కిరోసిన్ అంది. కొత్త పుస్తకం అని చెప్పి, కాదు, కొత్త పుస్తకానికి వేసిన అట్ట అని దిద్దుకుంది. వైదేహి నవ్వింది.

తర్వాతి సీసా తెరిచింది. హైమవతి ఒక్కసారిగా కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"గౌను తీశారా? యామిని గౌను ఇక్కడ ఎవరు తీశారు?"

ముకుందరావు చేతిసంచి తన కాళ్ళ దగ్గరే ఉంది. మూతి కట్టినది కట్టినట్టే ఉంది. సీసాలో ఒక తెల్లటి ఉండ ఉంది. బజార్లో ఎక్కడైనా దొరికేది.

వైదేహి సీసాకి మూత పెట్టేసి, గౌనుని పక్కగదిలో పరీక్షకి సిద్ధం చేస్తున్నామని చెప్పింది. హైమవతి సరేనంటూ మళ్ళీ కళ్ళు మూసుకుంది. వైదేహి ఆ సీసాని మిగతావాటితో కలపకుండా పక్కన పెట్టడం ముకుందరావు చూశాడు.

తర్వాత హైమవతిని నర్సు తీసుకెళ్ళాక, వైదేహి గౌనుని ఒక గాజుపెట్టెలో పెట్టింది. పెట్టె పక్క తెర మీద ఒకే ఒక్క గుట్ట లేచింది, కలరా ఉండలది. మిగతాదంతా చదునుగా ఉంది. రెండో తెర మీద, కాసేపటి కిందట హైమవతి రాయి ఆమె నరానికి పంపినది వేసింది. అందులో ఆ గుట్ట పక్కన చిన్నవీ పెద్దవీ ఎన్నో గుట్టలు, ఒక ఊరు నిద్రపోతున్నట్టు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"గౌనులో ఏమీ లేదని తెలుసండి. ఆవిడకి ఎలా వస్తోందో తెలీదు."

వైదేహి కుర్చీ లాక్కుని కూర్చుంది. మనిషి ఏ వాసన కోసం మళ్ళీ మళ్ళీ వెతుకుతాడో రాయి దాన్ని గుర్తుపెట్టుకుంటుందని చెప్పింది. గుడ్డలో ఆ వాసన పలచబడుతున్న కొద్దీ, లోటు తనే పూడుస్తూ వచ్చింది. ఈ గుడ్డ దగ్గర ఎప్పుడూ కలరా ఉండల వాసన ఉంటుంది కాబట్టి, అది తగిలితే మిగతాదంతా అందివ్వాలని నేర్చుకుంది. గుర్తుపెట్టుకోవడమైతే రాయిలో జరగదు, కంపెనీ యంత్రాల్లో జరుగుతుంది. ఇది తప్పుగా పని చేయడం కాదని, తాము గొప్పగా చెప్పుకునే గుణమే ఇదని అంటున్నప్పుడు ఆమె అతని వైపు చూడలేదు.

"అంటే యామిని వాసన ఇప్పుడు ఈ గౌనులో లేదు," అన్నాడు ముకుందరావు. "మీ దగ్గర ఉంది."

"మా దగ్గరే ఉంది. కట్టడం ఆపితే చెరిపేస్తారు."

అతను ధర గురించి అడగబోతున్నాడని ఆమెకి తెలిసినట్టుంది. అది తన చేతిలో లేదని, ఇలాంటి వాళ్ళ గురించి మీటింగులో చెప్పి చూశానని, విన్నవాళ్ళు ఇలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారని అడిగారని చెప్పింది. ఎక్కువమంది ఉన్నారని తెలిశాక ధర తగ్గలేదు, పెరిగింది. ఒక కాపీ తీసి ఇవ్వగలరా అని అతను అడిగాడు. ఇవ్వగలిగినా, ఈ రాయి లేకుండా అది ఏ ముక్కుకీ అందదని చెప్పింది.

*

తిరుగు రైల్లో హైమవతి కిటికీ పక్కన కూర్చుంది. తుని దాటాక, పెద్దాపురం మనిషి సంగతి తనకి తెలుసని చెప్పింది. ఆయన భార్య బజార్లో కనబడి, మీవారు మా దగ్గరికి వస్తున్నారటగా అందట.

"మీరు ఎవరి దగ్గరా జీతానికి చేరక్కర్లేదండీ. ముక్కుపుడక ఆపేద్దాం."

ముకుందరావు ఆమె వైపు తిరిగాడు.

"నేను ఆలోచించుకునే చెబుతున్నాను," అంది హైమవతి. "నాకు రాకపోతే ఏమైంది? మీకు వస్తుంది, అత్తయ్యకి వస్తుంది. గౌను ఇంట్లోనే ఉంటుంది. అప్పుడప్పుడూ మీరు చూసి, ఉందని చెబుదురు గాని. అది నాకు చాలు."

అతను సామర్లకోట వచ్చేదాకా ఎదురు బెర్తు వాళ్ళ సామాను వంక చూస్తూ కూర్చున్నాడు. దసరా నుంచీ ఆమె బాధపడకూడదని తను చెప్పిన మాట మీద కాళ్ళు ఆనించి, పిల్ల ఉన్న ఒక్క చోటునీ వదిలేయబోతోంది.

ఇంటికొచ్చాక తల్లితో చెప్పాడు. అచ్చియ్యమ్మ చాలాసేపు విని, తర్వాత పైట కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్పమాకరా," అంది. "ఉందనుకుంటే ఉంటుంది. మనం పోయేదాకా ఉందనే చెబుదాం. ఆ ఉండలు పెట్టింది నేను. హైమకి ఈ సంగతి తెలిస్తే నేను దాని మొహం ఎట్టా చూడను?"

అతనికి తల్లి మాట తీసేయబుద్ధి కాలేదు. మర్నాడంతా షాపులో ఒక మోటారు ముందేసుకుని, చుట్టిన తీగే విప్పి మళ్ళీ చుట్టాడు. ఉందని ఎన్నేళ్ళు చెప్పగలడు? చెప్పగలడనే అనిపించింది. ఇన్నాళ్ళు చెప్పాడు. కానీ ఆమె డబ్బు కోసం ముక్కుపుడకని వదులుకుంటున్నాననుకుంటోంది, పిల్లని వదులుకుంటున్నానని తెలియదు. ఆ సంతకం ఆమె తెలిసి పెట్టాలి.

ఆ సాయంత్రం ఆమె బీరువాలోంచి గౌను తీస్తుంటే చెప్పేశాడు. నిలబడే చెప్పాడు. దసరా నుంచీ గౌనులో ఏమీ లేదని, ఆమెకి అందుతున్నది ఎక్కడి నుంచో, ఎలాగో, వైదేహి చూపించిందంతా చెప్పాడు.

హైమవతి గౌను ఒళ్ళో పెట్టుకుని విన్నది. "రోజూ అడిగాను కదండీ," అంది చివరికి. గొంతు పెంచలేదు. "రోజూ మిమ్మల్ని అడిగాను."

తర్వాత లేచి, గౌను మంచం మీద పెట్టి, బీరువా పైఅరలో అత్తగారి పెళ్ళిచీర మడతలోంచి ఒక కలరా ఉండ తీసింది. పెరట్లోకి, గౌనుకి దూరంగా, బట్టలారేసే తీగ కిందకి వెళ్ళి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. అచ్చియ్యమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, చూడలేక పక్కకి తప్పుకుంది.

"ఇక్కడా ఉంది," అంది హైమవతి లోపలికి వస్తూ. "యామిని దీన్లో కూడా ఉంది." ఆ ఉండని అరచేతిలో పట్టుకుని చూస్తూ నిలబడింది. తర్వాత అత్తగారి దగ్గరికి వెళ్ళి, దాన్ని ఆవిడ చేతిలో పెట్టి, "మీరు దాచకపోతే నాకు ఆ కాస్తా దక్కేది కాదత్తయ్యా," అంది. అచ్చియ్యమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

ముకుందరావు మిషను అమ్మేసి కట్టేద్దామన్నాడు. ఇప్పుడు నిజం తెలిసింది కాబట్టి, తప్పకుండా కట్టాలన్నాడు. ఇంత గట్టిగా అతను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

"ఈ ఏడు మిషను ఇస్తారు. పై ఏడు వాళ్ళు మళ్ళీ పెంచుతారు. అప్పుడు ఏం ఇస్తారు?" అంది హైమవతి. "నా పిల్లని తాకట్టులో పెట్టినట్టుందండీ. ఏడాదికోసారి వెళ్ళి విడిపించుకు రావాలి. ఏదో ఒక ఏడు ఎలాగూ విడిపించుకోలేం. ఆ రోజు వచ్చేది వాళ్ళు చెప్పినప్పుడు కాదు. నేను చెప్పినప్పుడే."

ఆమె ఏడ్చింది అప్పుడే. చాలాసేపు ఏడ్చింది.

*

ఆపడం కూడా తేలిగ్గా అవలేదు. ఫోనులో రద్దు అన్న చోట నొక్కితే, మీరు నిజంగా కోల్పోవాలనుకుంటున్నారా అని అడిగింది. అవునంటే కారణం అడిగింది. ఇచ్చిన కారణాల్లో ఆమెది లేదు. మర్నాడు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. మేనకోడలు మాట్లాడినంత ఆప్యాయంగా మాట్లాడింది. మీలాంటి వారికోసమే ప్రత్యేకంగా మూడు నెలలు సగం ధరకి ఇస్తున్నామంది.

"ఆ మూడు నెలలయ్యాక?" అని అడిగింది హైమవతి.

"ఆ తర్వాత మామూలు ధరే మేడమ్."

"నీకు పిల్లలున్నారా అమ్మా?"

ఆ అమ్మాయి, ఇలాంటి ప్రశ్నలకి మేం జవాబు చెప్పకూడదు మేడమ్ అని మెల్లగా అంది. హైమవతి ఫరవాలేదమ్మా అని ఫోను పెట్టేసింది.

గడువు శనివారం ఉదయం పదకొండు గంటలకి. రాయి తొడిగిన వేళ అదే. ముకుందరావు షాపు తెరవలేదు. హైమవతి పొద్దున్నే స్నానం చేసి, వంట త్వరగా ముగించింది. కరివేపాకు తుంచి వాసన చూసింది, పాలగిన్నె మూత తీసి చూసింది, అత్తగారి తల దువ్వుతూ పాపిట దగ్గర వంగి చూసింది. ఏదీ ఎక్కువసేపు చూడలేదు. తర్వాత గౌను తీసుకుని ముందు గదిలో నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుంది. ముకుందరావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

గౌను ఆమె ఇంకా మొహానికి పెట్టుకోలేదు. భయపడుతోందని అతనికి అర్థమైంది.

"నాకు చెప్పు హైమా," అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"అది ఎలా ఉంటుందో. నాకు సరిగా తెలీదు. నేను షాపు నుంచి వచ్చేసరికి నిద్రపోయేది. ఎత్తుకుంటే నా చేతుల వార్నీషే నాకు కొట్టేది."

హైమవతి అతని వైపు చూసింది. పిల్ల పోయాక అతను దాని గురించి ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఇదే మొదలు. గౌను మొహానికి ఆనించుకుంది. గుడ్డ వెనక నుంచి ఆమె మాట కొంచెం మందంగా వచ్చింది.

"ముందు నూనె. కొబ్బరినూనే, కానీ సీసాలో ఉన్నట్టు ఉండదు. ఎండలో ఆడి వచ్చాక తల మీద వేడెక్కిన నూనె. దాని కింద మెడ. చెమటే, కానీ మన చెమటలా కాదు. బియ్యం కడిగిన నీళ్ళు కాసేపు ఉంచితే వచ్చే పులుపు ఉంటుందే, అలా. ఇక్కడ చేతుల దగ్గర పెన్సిలు చెక్కిన పొట్టు. రబ్బరు కొరికేది కదా, అదీ ఉంది. జేబులో బెల్లం జీడి పెట్టుకుంది. మీ అమ్మ ఇచ్చి ఉంటుంది."

లోపలి నుంచి అచ్చియ్యమ్మ, నేనే ఇచ్చాను అంది.

"వీటన్నిటి వెనక ఇంకొకటుంది. అది దేనిలాగా అని చెప్పలేను. పుట్టిన రోజున నా పక్కన పడుకోబెట్టినప్పుడు ఉన్నదే. ఇంత ఎదిగినా అది మారలేదు. ఎలా చెప్పను మీకు? వెచ్చగా ఉంటుంది. వాసనకి వెచ్చదనం ఉండదంటారేమో, దీనికి ఉంటుంది. తెల్లారి లేపడానికి దుప్పటి తీస్తే ఒక్కసారి మొహానికి తగిలేది."

ముకుందరావు కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి తీసినప్పుడు, అని మనసులో అనుకున్నాడు. "ఇంకా?" అన్నాడు.

ఇంకా చెప్పింది. వానలో తడిసి వచ్చిన రోజు ఎలా ఉండేదో, జ్వరం వస్తే ముందు నోటి దగ్గర ఎలా మారేదో, అలిగి మూల కూర్చుంటే కన్నీళ్ళు ఎండిన బుగ్గల దగ్గర ఎలా ఉండేదో చెప్పింది. అతను వింటూ ఉన్నాడు. ఒకసారి కళ్ళు తెరిచి గడియారం వంక చూశాడు. పదకొండు దాటింది. హైమవతి గొంతు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తడబడలేదు. ఏ మాట దగ్గర రాయి ఆగిపోయిందో అతనికి తెలియలేదు. ఆమె గౌను మొహం మీంచి తియ్యలేదు, చెప్పడమూ మానలేదు.